యాత్రికులూ, మనమూ

ఇంటికి తాళం వేసి దంపతులిద్దరు దూరదేశయాత్రకు బయలుదేరితే, ప్రయాణం చేసేది ఆ ఇద్దరే అయినా, దానిని గురించి మాట్లాడేవారు ఊరంతా ఉంటారు. "ఈ వయసులో ఎందుకు?" అనేవారు కొందరు; "అంత డబ్బు ఎక్కడిది?" అనేవారు మరికొందరు. "అదృష్టవంతులు" అని నిట్టూర్చేవారు ఉంటారు, "పిల్లలకు ఏమి మిగులుస్తారు?" అని లెక్క వేసేవారూ ఉంటారు. తిరిగి వచ్చిన తర్వాత "ఏమి తెచ్చారు?" అని అడిగేవారికి కొదవ లేదు. "ఏమి చూశారు?" అని అడిగి, సమాధానం పూర్తయ్యేవరకు కూర్చుండేవారే అరుదు. యాత్రికులను గురించి లోకంలో ఎంతో వ్రాశారు. వారిని సాగనంపేవారిని గురించి, ఆక్షేపించేవారిని గురించి, ఎదురుచూచేవారిని గురించి ఆలోచించినవారు తక్కువ. కాని ఒక సమాజపు సంస్కారాన్ని కొలవడానికి ఈ రెండవ వర్గమే సరియైన ప్రమాణమని మా అభిప్రాయం.

ఈ అభిప్రాయానికి ఆధారంగా కేరళ రాష్ట్రంలో జరిగిన ఒక ముచ్చటను తీసుకొందాం. కొచ్చి నగరంలో కె. ఆర్. విజయన్, మోహన అనే దంపతులు "శ్రీ బాలాజీ కాఫీ హౌస్" అనే చిన్న దుకాణాన్ని నడిపేవారు. టీ, కాఫీ, ఫలహారాలు అమ్మడమే వారి జీవనోపాధి. పనివారిని పెట్టుకొంటే జీతం ఇవ్వవలసి వస్తుందని, కాచడం, వడ్డించడం, కడగడం అన్నీ ఆలుమగలే చేసుకొనేవారు. రోజుకు 300 రూపాయలు విడిగా తీసి దాచేవారు. చాలకపోతే అప్పు చేసేవారు. దుకాణం మూసి దేశాంతరం వెళ్ళి చూచి వచ్చేవారు. వచ్చి, మళ్ళీ పొయ్యి వెలిగించి, తర్వాతి సంవత్సరాలలో ఆ అప్పు తీర్చి, మరొక యాత్రకు కూడబెట్టడం మొదలుపెట్టేవారు. 2007లో ప్రారంభమైన ఈ విదేశయాత్రలు 2021 నాటికి 26 దేశాలకు చేరినవి. అమెరికా, జర్మనీ, స్విట్జర్లాండ్, బ్రెజిల్, ఆర్జెంటీనా వంటి దేశాలు ఆ జాబితాలో ఉన్నవి. ఆ యాత్రల ఛాయాచిత్రాలు దుకాణం గోడలను అలంకరించినవి. వచ్చినవారు టీ తాగుతూ లోకాన్ని చూచేవారు.

వింటే ముచ్చటగా ఉన్నది. కాని ముచ్చట అనే మాట దూరాన ఉన్నవారి నోటినుండి వచ్చేది. దగ్గర ఉన్నవారి మాట వేరు. తమను పిచ్చివాళ్ళన్నవారు ఉన్నారని ఆ దంపతులే చెప్పుకొన్నారు. ఆశ్చర్యపడవలసింది ఏమున్నది? వీధి చివర దుకాణంలో టీ పోసే మనిషి అప్పు చేసి స్విట్జర్లాండ్ వెళ్ళి వచ్చాడంటే, ఆ వీధిలో నవ్వనివాడు ఎవరు? ఆ నవ్వు కొచ్చి నగరానికే ప్రత్యేకం కాదు. మన ఊళ్ళలోనూ అటువంటివారిని చూచి నవ్వే నవ్వు అదే.

ఆ నవ్వులో ఏమున్నదో కొంచెం విచారించి చూడడం మంచిది. అందులో అసూయ ఒక్కటే ఉన్నదనుకొంటే అన్యాయం. నిజమైన ఆందోళన కూడా ఉన్నది. పింఛను లేని మనిషి, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలమే సంపాదన గల మనిషి, ముసలితనానికి దాచుకోవలసిన సొమ్మును విమానం టికెట్టుకు పెడితే ఆప్తుడైనవాడు హెచ్చరించడా? తప్పక హెచ్చరించాలి. అప్పు చేసి యాత్ర చేయడం అందరికీ ఆదర్శమని మేమూ చెప్పం. విజయన్ దంపతులు అప్పు తీర్చగల శక్తిని తమ చేతులలో పెట్టుకొని, రోజుకు ఇంత అని నియమంతో కూడబెట్టి, ఆ పని చేశారు. నియమం లేనివాడు దానిని అనుకరిస్తే చిక్కులే మిగులుతవి.

కాని ఒక్క ప్రశ్న. ఇదే మనిషి ఇంతే అప్పు చేసి, పెళ్ళిలో వెయ్యిమందికి భోజనం పెట్టి ఉంటే ఎవరైనా పిచ్చివాడు అనేవారా? మేడమీద మరొక మేడ కట్టి ఉంటే? నగలు చేయించి ఉంటే? అప్పుడు "నిలబెట్టుకొన్నాడు" అని మెచ్చుకొనేవారు. అంటే మనలను బాధించేది అప్పు కాదు. పదిమందికీ కనిపించే వస్తువు కోసం అప్పు చేస్తే మర్యాద. కంటితో చూచి మనసులో దాచుకొనే దానికోసం అప్పు చేస్తే ఉన్మాదం. ఈ లెక్కను మనకు ఎవరు నేర్పినారో తెలియదు. కాని పిల్లలకు మాత్రం మనమే నేర్పుతున్నాం.

దీనికి తోడు అంతస్తుల లెక్క ఒకటి ఉన్నది. ధనవంతుడు ఏడాదికి రెండుసార్లు విదేశాలకు వెళ్ళి వస్తే అది అలవాటు. ఉద్యోగి వెళితే అది హోదా. టీ కొట్టువాడు వెళితే అది వింత. లోకాన్ని చూడాలనే కోరిక కొందరికే తగినదని, తక్కినవారికి తీర్థయాత్రతో తృప్తి పడడమే ధర్మమని మనం ఎక్కడో లోపల నమ్ముతున్నాం. ఆకలి అందరికీ ఒకటే అని ఒప్పుకొన్న సమాజం, కుతూహలం అందరికీ ఒకటే అని ఇంకా ఒప్పుకోలేదు.

యాత్రికుని పట్ల ఇరుగుపొరుగు చూపే కాఠిన్యం మనకు కొత్త కాదు. సముద్రయానాన్ని కలివర్జ్యాలలో చేర్చిన దేశం ఇది. 1888లో గాంధీజీ బారిష్టరు చదువుకోసం ఇంగ్లండుకు బయలుదేరినప్పుడు బొంబాయిలో ఆయన కులపెద్దలు సభ చేసి, వెళ్ళరాదని శాసించారు; వినకపోయేసరికి వెలివేశారు. ఆయన తన ఆత్మకథలో ఈ సంగతి చెబుతూ మరొక ముక్క కూడా వ్రాశారు. ఆ కుర్రవానికి సహాయం చేసినవారికి, రేవుకు వెళ్ళి సాగనంపినవారికి ఒక రూపాయి నాలుగు అణాలు జుల్మానా అని పెద్దలు విధించారట! వెళ్ళేవానికి శిక్ష వేయడం ఒక ఎత్తు. వీడ్కోలు చెప్పేవానికి వెల కట్టడం మరొక ఎత్తు. ఆ వెలకు భయపడి, దగ్గర ఉంచిన ప్రయాణపు సొమ్మును ఇవ్వడానికి సొంత బావగారే నిరాకరించారు. కుటుంబ స్నేహితుడొకరు ఆ సొమ్మును సర్దుబాటు చేశారు. ఓడ కదిలింది.

ఆ కథ అంతటితో ముగియలేదు. గాంధీజీ 1891లో తిరిగి వచ్చిన తర్వాత కూడా కులంలో ఒక వర్గం వెలిని ఎత్తివేయలేదు. ఆ కట్టుబాటు ప్రకారం అత్తవారింటిలో గాని, తోబుట్టువు ఇంటిలో గాని ఆయన మంచినీళ్ళైనా పుచ్చుకోకూడదు. వారు రహస్యంగా ఆ కట్టుబాటును దాటడానికి సిద్ధమే. కాని బహిరంగంగా చేయలేని పనిని చాటుగా చేయడం ఆయనకు ఇష్టం లేకపోయింది. అక్కడ ప్రేమ లేక కాదు. ప్రేమను నలుగురిలో చూపే ధైర్యం లేదు. ఈనాడు జుల్మానాలు లేవు, వెలి లేదు. కాని ఇంట్లో ఇష్టపడుతూ వీధిలో నవ్వే స్నేహితులు ఈనాడూ ఉన్నారు. ఎదుటివాని ఆనందానికి సాక్షిగా నిలబడడానికి ఒక రూపాయి నాలుగు అణాల ధైర్యం ఈనాటికీ కావాలి.

ఇక అపరిచితుల సంగతి. విజయన్ దంపతుల విషయంలో అపరిచితులు ప్రవర్తించిన తీరు ముచ్చటైనది. హరి ఎం. మోహనన్ అనే యువ దర్శకుడు వారిపై "ఇన్విజిబుల్ వింగ్స్" అనే లఘుచిత్రం తీశాడు. 2018లో దానికి ఫిల్మ్‌ఫేర్ పురస్కారం వచ్చింది. పత్రికలు వ్రాసినవి. చలనచిత్ర నటుడు అనుపమ్ ఖేర్ వంటి ప్రసిద్ధులు వారి యాత్రలకు చేయూతనిచ్చారు. పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా 2019లో వారిని బహిరంగంగా కొనియాడి, ఆస్ట్రేలియా యాత్రకు సాయపడ్డారు. 2021లో రష్యా యాత్రకు ముందు కేరళ పర్యాటక శాఖ మంత్రి మహమ్మద్ రియాస్ వారి దుకాణానికి వచ్చి వారిని కలుసుకొన్నారు. వీధివారు నవ్విన మనుషులను దేశం మెచ్చుకొన్నది.

ఇది చూచి "స్నేహితులకన్న పరాయివారే మేలు" అని తీర్పు చెప్పడం సులభం. కాని అది తొందరపాటు. దూరాన ఉన్నవానికి మెచ్చుకోవడంలో నష్టం లేదు. పక్కింటివాడు నాతో సమానుడు కనుక అతని సాహసం నా జంకును ఎత్తి చూపుతుంది. ఎక్కడో కొచ్చిలోని మనిషి సాహసం నన్ను ఏమీ అడగదు. పైగా పరాయివారి మెచ్చుకోలు చాలావరకు విజయం తర్వాత వస్తుంది. పది దేశాలు చూచినవానికి దండలు వేస్తారు. మొదటి మూడు వందల రూపాయలు డబ్బాలో వేసిననాడు అతని పక్కన ఎవరూ లేరు. మెచ్చుకొనే మాటలలో కూడా ఒక ముల్లు దాగి ఉంటుంది. "టీ అమ్ముకొనేవాడైనా ఇన్ని దేశాలు చూశాడు" అంటాం. ఆ "అయినా" అనే మూడక్షరాలను తీసివేసి మాట్లాడగలిగిననాడు మన మెప్పు నిర్మలమైనదవుతుంది. ఆ మాటతో మెచ్చుకొనేవాడు, నవ్విన పక్కింటివాడు - ఇద్దరూ ఒకే మెట్టుపై నిలబడి చూస్తున్నారు. ఒకరు కిందికి చూచి నవ్వారు. మరొకరు కిందికి చూచి చప్పట్లు కొట్టారు.

ఈ సందర్భంలో మోహనను గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఇటువంటి ముచ్చట్లు చెప్పేటప్పుడు "ఆయన లోకం తిరిగాడు, ఆమెనూ వెంట తీసుకొనిపోయాడు" అనడం మన అలవాటు. కాని ఆ పొయ్యి దగ్గర నిలబడిన కాళ్ళు నాలుగు. కూడబెట్టిన చేతులు నాలుగు. దాచిన ప్రతి రూపాయిలో ఆమె చెమట సగం. అటువంటప్పుడు ఆమెను సామానులో ఒకటిగా లెక్కించడం ఏమి న్యాయం? ఇరుగుపొరుగు స్త్రీలు "పాపం, ఆయనకు ఆ పిచ్చి, ఈమెకు తప్పదు" అని సానుభూతి చూపడం మన ఊళ్ళలోనూ వింటూ ఉంటాం. భర్త కోరిక అయితే అది పిచ్చి, భార్య కోరిక అనేది అసలు ఉండదు - ఇదీ ఆ సానుభూతికి అర్థం. మన తల్లులకు యాత్ర అంటే చాలాకాలం పుట్టిల్లు, పుణ్యక్షేత్రం - ఈ రెండే. ఆ గీత దాటి నడిచిన స్త్రీని ఏమి చూశావని విడిగా అడిగి తెలుసుకోవడం మన కర్తవ్యం.

అయితే స్నేహితుడు ఎట్లా ఉండాలి? దీనికి మన తెలుగు సాహిత్య చరిత్రలోనే ఒక ఉజ్జ్వలమైన ఉదాహరణ ఉన్నది. అది సముద్రాలు దాటిన యాత్ర కాదు. కాని ఆ కాలానికి అంతకు తక్కువ సాహసమూ కాదు. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న, సుమారు నూరుమంది పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణంలో దారులు, మజిలీలు, పంటలు, ధరలు, ఆచారాలు, మనుషుల నడవడి - కంటబడినదంతా వ్రాసి పెట్టారు. ఎవరికోసం? మదరాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకోసం. ఆ మిత్రుడు వాటిని చదివి పక్కన పడవేయలేదు, భద్రపరిచాడు. 1836లో వీరాస్వామయ్య కాలధర్మం చెందిన తర్వాత, 1838లో వాటిని "కాశీయాత్ర చరిత్ర" అనే పేరుతో అచ్చు వేయించాడు. తెలుగు యాత్రాసాహిత్యానికి ఆదిగ్రంథంగా మనం తలచుకొనే పుస్తకం ఆ విధంగా మనకు దక్కింది.

ఆలోచించి చూడండి. నడిచినవాడు ఒకరు, విన్నవాడు మరొకరు. విన్నవాడు లేకపోతే నడిచినవాని చూపు వానితోనే అంతరించేది. శ్రీనివాస పిళ్ళె మిత్రునికి విరాళం ఇచ్చినందుకు మనకు జ్ఞాపకం లేడు; దండ వేసినందుకు జ్ఞాపకం లేడు. "చూచినదంతా నాకు వ్రాయి" అన్నట్లుగా ఎదురుచూచినందుకు జ్ఞాపకం ఉన్నాడు. యాత్రికునికి స్నేహితుడు ఇవ్వగల పెద్ద కానుక ఆ ఎదురుచూపే. అది ధనవంతుడూ ఇవ్వగలడు, పేదవాడూ ఇవ్వగలడు.

ఈ మాట నేటి తెలుగునాటికి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళి నెలల తరబడి ఉండి వచ్చే వృద్ధ దంపతులు ఇప్పుడు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. నిజామాబాదు, కరీంనగరం, కోనసీమ ప్రాంతాలనుండి గల్ఫ్ దేశాలకు పనికి పోయి ఏళ్ళ తరబడి అక్కడ బ్రతికి వచ్చిన స్త్రీపురుషులూ ఉన్నారు. ఒకరిది అనుబంధపు ప్రయాణం, మరొకరిది బ్రతుకుతెరువు. రెండూ విజయన్ దంపతుల యాత్రవంటివి కావు. కాని తిరిగి వచ్చినవారిని మనం అడిగే ప్రశ్నలు మాత్రం ఒకటే: ఎంత ఖర్చయింది? ఎంత సంపాదించారు? ఏమి తెచ్చారు? ఆ ఎడారిలో తెల్లవారుజాము ఎట్లా ఉంటుందని, ఆ మంచులో ఇరుగుపొరుగు ఎట్లా పలకరించుకొంటారని, ఒంటరిగా ఉన్న మధ్యాహ్నాలు ఎట్లా గడిచినవని ఎవరూ అడగరు. పెట్టె విప్పేవరకు చుట్టూ చేరతాం. మనసు విప్పేలోగా లేచిపోతాం. ఎంత అనుభవం, ఎంత జ్ఞానం ఈ విధంగా మన అరుగులమీదనే ఆరిపోతున్నదో!

ఉపాధ్యాయులకు ఇక్కడ ఒక విన్నపం. మీ తరగతిలో ఏ వెనుక బల్లనుండో ఒక పిల్లవాడు లేచి, "నేను రష్యా చూస్తానండీ" అంటే తరగతి నవ్వుతుంది. ఆ నవ్వుతో మీరు గొంతు కలిపితే ఆ కోరిక అక్కడే కూలబడుతుంది. "ముందు మార్కులు తెచ్చుకో" అని మందలించినా ఫలితం అదే. అలమార మీద దుమ్ము కొట్టుకొని ఉన్న భూగోళాన్ని దింపి, "ఏదీ, దారి చూపించు; ఏ సముద్రం దాటాలి? అక్కడ ఏ భాష మాట్లాడుతారు?" అని అడిగి చూడండి. దానికి నిమిషం పడుతుంది. ఆ నిమిషం ఆ పిల్లవానికి ఎన్ని సంవత్సరాలు పనికివస్తుందో ఎవరు చెప్పగలరు?

మరొక పని కూడా చేయవచ్చు. మీ ఊరిలో దూరదేశాలలో ఉండి వచ్చినవారు ఎవరో ఒకరు తప్పక ఉంటారు. తాపీపని చేసి వచ్చినవారు కావచ్చు. మనుమల దగ్గర ఉండి వచ్చిన అమ్మమ్మగారు కావచ్చు. ఒక శనివారం వారిని పాఠశాలకు పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, పిల్లలచేత ప్రశ్నలు అడిగించండి. విన్నదానిని వ్యాసంగా వ్రాయించండి. భూగోళశాస్త్రమూ, తెలుగు వ్యాసరచనా ఒకే గంటలో కుదురుతవి. అంతకన్న ముఖ్యంగా, ఎదుటివాని అనుభవాన్ని గౌరవంగా వినడం అనే విద్య అలవడుతుంది.

విద్యార్థులకు చెప్పవలసినది కొద్దిగానే ఉన్నది. మీలో అందరూ లోకం చుట్టి రాలేకపోవచ్చు. కాని వెళ్ళి వచ్చేవారు మీ స్నేహితులలో తప్పక ఉంటారు. వారు బయలుదేరేటప్పుడు మీకు ఈర్ష్య కలిగితే సిగ్గుపడవద్దు. అది మనిషికి సహజం. ఆ ఈర్ష్యను వెక్కిరింతగా మార్చకుండా ప్రశ్నగా మార్చండి. ఏమి చూశావు, ఏమి తిన్నావు, ఎక్కడ భయపడ్డావు, ఎవరు ఆదరించారు అని అడగండి. అడగడం నేర్చినవానికి ఇంటి గడపే రేవుపట్నం.

విజయన్ రష్యానుండి 2021 అక్టోబరు చివర తిరిగి వచ్చారు. ఆ నవంబరు 19న గుండెపోటుతో మరణించారు. చివరి ప్రయాణానికీ చివరి శ్వాసకూ మధ్య సుమారు మూడు వారాలే ఎడం. ఆయన పోయిన తర్వాత అందరూ మెచ్చుకొన్నారు. ఒకనాడు నవ్వినవారూ ఆ మెచ్చుకొన్నవారిలో ఉండే ఉంటారు. మరణించినవానిని మెచ్చుకోవడానికి ధైర్యం అక్కరలేదు. బ్రతికి ఉన్న పొరుగువాడు పెట్టె సర్దుకొంటున్నప్పుడు గుమ్మందాకా వెళ్ళి, "క్షేమంగా వెళ్ళి రండి, వచ్చిన తర్వాత తీరికగా అంతా చెప్పాలి" అనడానికే మంచి మనసు కావాలి. మాట ఇచ్చినట్లు, వారు వచ్చిన మరునాడు వెళ్ళి కూర్చోవాలి కూడా. ఆ మర్యాద మన ఇళ్ళలో, మన పాఠశాలలలో పెరగాలని కోరుకొంటున్నాము.